వేడెక్కితే ఆగే బండి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల గురించో, హెల్తు కార్డుల గురించో అనుకున్నాను. "వాటికి వక్తలు చాలామంది ఉన్నారండీ, మీరు మీ బుల్లెట్టు సంగతి చెప్పండి" అన్నారు. మనలో పాత బండ్లను అమ్ముకోలేక అట్టేపెట్టుకున్నవాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళలో చాలామంది చెప్పే జబ్బు ఒకటే. "పొద్దున్నే ఒక్క కిక్కుకి స్టార్టవుతుంది. కొంతదూరం పోయాక ఆగిపోతుంది. అరగంట నీడన పెడితే మళ్ళీ మామూలే." ఈ జబ్బును ఎలా పట్టుకోవాలో నాకు తెలిసినంతవరకు విన్నవించుకుంటాను.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా 2009లో రిటైరయ్యాను. మెకానిక్కుని కాను. నా బండి 1986లో ప్రభుత్వమిచ్చిన మోటారు సైకిలు అడ్వాన్సుతో కొన్న 350 బుల్లెట్టు. నెలనెలా జీతంలోంచి కోత పడుతుంటే తీర్చిన బండి. మద్రాసులో 1955లో మొదలైన కంపెనీ, ఇంగ్లండు నమూనా, ఒకే సిలిండరు, పోత ఇనుము బోరు, 346 సి.సి. పెద్ద ఆడంబరమేమీ లేని యంత్రం. పెట్రోలు రావాలి, సమయానికి నిప్పురవ్వ పడాలి, లోపల గాలి బిగువుగా నొక్కుకోవాలి. ఈ మూడూ ఉంటే నడుస్తుంది. ఏ ఒక్కటి తప్పినా ఆగుతుంది. కాబట్టి వేడెక్కినప్పుడు ఈ మూడింటిలో ఏది తప్పుతోందన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు సరదాకి పుట్టలేదు. మేముండేది రాజమహేంద్రవరంలో. నిడదవోలులో మా ఇంటావిడ అక్కగారు ఒంటరిగా ఉంటారు. వారానికోసారి ఇద్దరం వెళ్ళి చూసి వస్తాం. తిరుగు ప్రయాణంలో కొవ్వూరు దాటి, 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెన ఎక్కాక, నడి గోదావరి మీద బండి ఆగిపోయింది. కింద రైలు, పైన మేము, వెనక హారన్ల మోత. నూట అరవై కిలోలకు పైబడిన బండిని డెబ్బై దాటిన వయసులో అటు గట్టు దాకా తోశాను. ఆవిడ చేతిసంచీ పట్టుకుని పిట్టగోడ పక్కగా నడిచింది. రెండు వారాల తరువాత మళ్ళీ అలాగే జరిగింది. "ఇక నేను ఆ బండెక్కను" అంది. "ఇనుముకి అమ్మేసి స్కూటరు కొనుక్కోండి నాన్నా" అన్నాడు మావాడు.

బండిని తెలిసిన మెకానిక్కు దగ్గరకి తీసుకెళ్ళాను. షెడ్డుకి చేరేసరికి బండి చల్లగా ఉంది. ఆయన ఒక్క కిక్కు కొట్టాడు, స్టార్టయింది. చెవి పెట్టి విన్నాడు. "బోరు పోయిందండీ మాస్టారూ. రీబోరు చేసి కొత్త పిస్టన్ వెయ్యాలి, 18,000 అవుతుంది" అన్నాడు. ఇంకొకాయన కార్బురేటర్ మార్చమన్నాడు. మూడో ఆయన వైరింగు మొత్తం మార్చమన్నాడు. ముగ్గురూ అనుభవజ్ఞులే. కానీ ముగ్గురూ చూసింది ఆరోగ్యంగా ఉన్న బండిని. జబ్బు చేసిన క్షణంలో దాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మిత్రులారా, నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. వేడికి వచ్చే లోపానికి సాక్ష్యం వేడి ఉన్నంతసేపే. బండి చల్లారితే సాక్ష్యం పోతుంది. కనుక పరీక్ష జరగవలసింది ఆగిన చోట, ఆగిన ఐదు నిమిషాల్లోపల. ఆ పని చేయగలిగినవాడు నడిపేవాడే.

ఆఫీసులో ఫైలు కదలకపోతే ఏం చేసేవాళ్ళం? సెక్షను మొత్తాన్ని బదిలీ చెయ్యమని రాసేవాళ్ళం కాదు. రిజిస్టరు తీసి, ఏ తేదీన ఏ సీటుకి వెళ్ళింది, ఎవరి దగ్గర నిలిచిపోయిందని చూసేవాళ్ళం. బండికి కూడా నేనొక రిజిస్టరు పెట్టాను. పాత డైరీలో గళ్ళు గీసి తేదీ, బయలుదేరిన వేళ, ఎన్ని కిలోమీటర్లకు ఆగింది, ట్యాంకులో పెట్రోలెంత, ఎలా ఆగింది, ఎంతసేపటికి మళ్ళీ స్టార్టయింది, అని ఆరు వివరాలు రాశాను.

వీటిలో "ఎలా ఆగింది" అన్నది అతి ముఖ్యం. స్విచ్చి కట్టేసినట్టు ఠక్కున ఆగితే అనుమానం కరెంటు మీదకి పోవాలి. ముక్కుతూ, దగ్గుతూ, యాక్సిలరేటరు ఇచ్చినకొద్దీ నీరసిస్తూ ఆగితే పెట్రోలు మీదకి. బండి బరువెక్కి, లాగలేక, ఎవరో వెనక పట్టుకున్నట్టయి ఆగితే పిస్టన్ పట్టేస్తోందని అనుమానించాలి. ఈ మూడోది ప్రమాదం. అప్పుడు వెంటనే క్లచ్చి నొక్కి పక్కకి తియ్యాలి. చల్లారాక ముందుగా ఆయిలు చూసుకోవాలి. ఈ గుర్తులు నూటికి నూరుపాళ్ళు నమ్మదగినవి కావు గానీ, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాయి.

ఇక ఆగిన చోట చెయ్యవలసిన పరీక్షలు నాలుగు. బండిని రోడ్డు పక్కకి తీసి, స్టాండు వేశాకే మొదలుపెట్టాలి. వంతెన మీద ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

మొదటిది, పెట్రోలు ట్యాంకు మూత తెరవడం. మూతకి గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో పూడిపోతే, పెట్రోలు దిగినకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి పెట్రోలును దిగనివ్వదు. మూత తీయగానే 'స్స్' మని గాలి లోపలికి పోయి, వెంటనే బండి స్టార్టయితే దొంగ దొరికినట్టే. నిజానికి ఇది వేడి జబ్బు కాదు, సమయం జబ్బు. కానీ చూసేవాడికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. దీనికి ఇంటిదగ్గర కూడా పరీక్ష ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, మూత బిగించి, పెట్రోలు పైపును సీసాలోకి వదలాలి. ధార మొదట లావుగా వచ్చి పోనుపోను సన్నబడితే మూతనో, ట్యాపులోని జల్లెడనో చూడాలి.

రెండోది, కిక్కు బిగువు చూడటం. తాళం కట్టేసి, డీకంప్రెషరు నొక్కకుండా కిక్కును కాలితో మెల్లగా అదమాలి. ఒక చోట బండి గట్టిగా ఎదురు తిరగాలి. చల్లగా ఉన్నప్పుడున్న ఎదురు వేడిమీద లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. టాపెట్లు మరీ బిగించి ఉంటే ఇలా అవుతుంది. రీబోరు మాట ఎత్తేముందు వేడిమీద, చల్లమీద ఈ బిగువు చూసుకోవడం మంచిది.

మూడోది, బుల్లెట్టు హెడ్‌లైటు పైనున్న అమ్మీటరు ముల్లు చూడటం. తాళం ఆన్ చేసి కిక్కును నెమ్మదిగా దించుతుంటే, పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలి, తెరుచుకున్నప్పుడు మధ్యకి రావాలి. అలా ఊగుతుంటే బ్యాటరీ నుంచి పాయింట్ల దాకా దారి బాగున్నట్టే. ముల్లు కదలకపోతే ఫ్యూజు, తాళం, వైర్ల అతుకులు, పాయింట్లు చూడాలి. తాళం ఆన్‌లో వదిలేసి మరిచిపోకూడదు. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

నాలుగోది, నిప్పురవ్వ. డిక్కీలో ఎప్పుడూ ఒక మంచి ప్లగ్గు ఉంచుకోండి. ముందుగా ట్యాంకు మూత బిగించి, పెట్రోలు కారడంలేదని చూసుకోవాలి. ఇంజనులో ఉన్న ప్లగ్గు తియ్యకుండా, టోపీ మాత్రం లాగి ఈ ప్లగ్గుకి తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజనుకి ఆనించి కిక్కు కొట్టాలి. టోపీని రబ్బరు దగ్గరే పట్టుకోవాలి. నీలంగా, చిటుక్కుమంటూ రవ్వ పడితే కరెంటు బాగున్నట్టు. ఎర్రగా, పచ్చగా, నీరసంగా పడినా, అసలు పడకపోయినా తప్పు కరెంటులోనే.

ఇప్పుడు నా రిజిస్టరు ఏం చెప్పిందో వినండి. మూడు వారాల్లో బండి ఆరుసార్లు ఆగింది. అతి తక్కువ 14 కిలోమీటర్లకు, అతి ఎక్కువ 19 కిలోమీటర్లకు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడూ ఆగింది, సగమున్నప్పుడూ ఆగింది. మూత తీస్తే గాలి శబ్దం లేదు, ఫలితమూ లేదు. ఆరుసార్లూ ఠక్కున ఆగింది. కిక్కు బిగువు వేడిమీద కూడా అలాగే ఉంది. అంటే రీబోరు చెయ్యాలనడానికి ఈ ఆగడం ఆధారం కాదు. అమ్మీటరు ముల్లు చక్కగా ఊగింది. రవ్వ మాత్రం పచ్చగా, జీవం లేకుండా పడింది. అరగంట తరువాత అదే ప్లగ్గుకి నీలం రవ్వ వచ్చింది.

ఇక మిగిలిన అనుమానితులు ముగ్గురు. పాయింట్లు, కండెన్సర్, కాయిల్. ఏడోసారి ఆగినప్పుడు పాయింట్ల మూత విప్పి, తాళం ఆన్ చేసి, పక్కనున్న కుర్రవాడిచేత కిక్కు కొట్టించాను. పాయింట్లు విడినప్పుడల్లా వాటి మధ్యనే పెద్ద మంట లేచింది. చిన్న రవ్వ మామూలే గానీ, ఇది అలా లేదు. పాయింట్ల మొహాలు కూడా ఒకవైపు గుంటపడి, ఒకవైపు మొటిమలేచి ఉన్నాయి.

కండెన్సర్ పనేమిటో రెండు మాటల్లో చెబుతాను. పాయింట్లు విడిపోయేటప్పుడు, పారుతున్న కరెంటు ఆ సందులోంచి దూకాలని చూస్తుంది. కండెన్సర్ దాన్ని తనలోకి తీసుకుని, కాయిల్‌లో ప్రవాహం ఒక్కసారిగా తెగిపోయేలా చేస్తుంది. అలా తెగితేనే కాయిల్ వేల ఓల్టులు పుట్టించి ప్లగ్గుకి పంపుతుంది. కండెన్సర్ లోపలి పొరలు బలహీనమైతే చల్లగా ఉన్నంతసేపూ పనిచేసి, ఇంజను వేడి సోకగానే చేతులెత్తేస్తాయి. ప్లగ్గు దగ్గర పడవలసిన రవ్వ పాయింట్ల దగ్గరే ఖర్చయిపోతుంది.

మార్పులు ఒక్కొక్కటిగానే చేశాను. మొదట పాయింట్లు మాత్రమే శుభ్రం చేసి, ఫిల్లరు గేజితో సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టాను. బండి మళ్ళీ ఆగింది. అదీ రాసుకున్నాను. తరువాత కండెన్సర్ మార్చాను. ఖరీదు రెండు వందల లోపే. మే నెల మిట్టమధ్యాహ్నం ఒంటరిగా మూడుసార్లు నిడదవోలు వెళ్ళివచ్చాను. ఆగలేదు. అంతటితో ఊరుకోక, పాత కండెన్సర్ తిరిగి బిగించి ఊరి బయట ఖాళీ రోడ్డు మీదకి వెళ్ళాను. 16 కిలోమీటర్లకు ఠక్కున ఆగింది. జేబులోని కొత్తది అక్కడే బిగించాను. బయలుదేరింది. ఏడాది దాటింది, ఇంతవరకు ఆగలేదు. కొత్తదానితోనూ ఆగి ఉంటే తరువాతి వంతు కాయిల్‌ది. అది కూడా వేడెక్కితే లోపలి తీగ చుట్ల మధ్య బలహీనపడి సరిగ్గా ఇలాగే చేస్తుంది.

ఇంకో రెండు మాటలు. ఈమధ్య పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. 2022 నాటికి పది శాతమైనది 2025 నాటికి ఇరవై శాతానికి చేరింది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. ఆ కాలపు రబ్బరు పైపులు, వాషర్లు దానికోసం చేసినవి కావు. పాత ట్యాంకుల్లో తుప్పు రేగి జల్లెడలో చేరుతుంది. కాబట్టి బండిని నెలల తరబడి పెట్రోలుతో నిలవ ఉంచకండి. పైపులు మెత్తబడ్డా, పగుళ్ళిచ్చినా మార్చండి. ఇక జావా, ఎజ్దీ, రాజ్‌దూత్ వంటి టూ స్ట్రోక్ బండ్లున్నవారు పై పరీక్షలతోపాటు ప్లగ్గు మొనల మధ్య మసి వారధి కట్టిందేమో, సైలెన్సరు మసితో పూడుకుపోయిందేమో కూడా చూసుకోవాలి.

నేను మెకానిక్కులను తప్పుపట్టడం లేదు. చల్లారిన బండిని ముందు పెట్టి "వేడెక్కితే ఆగుతుంది, బాగుచెయ్యి" అంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? ఊహిస్తారు. ఆ ఊహల ఖర్చు మన పింఛను మీద పడుతుంది. అదే, "ఠక్కున ఆగింది, బిగువు ఉంది, ముల్లు ఊగుతోంది, రవ్వ పచ్చగా ఉంది" అని కాగితం ముందు పెడితే నిజాయితీగల మెకానిక్కు పది నిమిషాల్లో దారికి వస్తాడు. ఈ వయసులో మన ఒంటికీ ఇదే వర్తిస్తుంది. డాక్టరు ముందు కూర్చునేసరికి నొప్పి ఉండదు. ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తుండగా వచ్చింది, ఎంతసేపుంది అన్నది రాసి పట్టుకెళితే ఆయనకీ సులువు, మనకీ క్షేమం.

నా దగ్గర ఫిల్లరు గేజి, ఒక మంచి ప్లగ్గు, కొత్త కండెన్సర్ ఒకటి ఉన్నాయి. సభ్యుల్లో ఎవరికైనా ఇలాంటి బండి ఉంటే, ఆదివారం ఉదయం ఎనిమిది లోపల మా ఇంటికి తీసుకురండి. అయితే ఒక్క షరతు. రెండు వారాల రిజిస్టరు రాసుకుని మరీ రావాలి.