ఉదారవాదము: పేరు, ప్రవర్తన
(మాడపాటి హనుమంతరావుగారి స్మారకోపన్యాసము, మందమర్రి)



సభ జరుపుకొనుటకే సర్కారు అనుమతి వేడవలసిన కాలమున తెలంగాణ ప్రజలకు సభాజీవనమును అలవరచిన మాడపాటివారిని స్మరించుచు, ఈ గనికార్మికుల పట్టణమున ఉదారవాదమను రాజకీయనామముయొక్క చరిత్రమును విన్నవింపగోరుచున్నాను.

1812 ప్రాంతమున స్పెయినుదేశపు కాడిజ్ నగరములో, రాజాధికారమునకు రాజ్యాంగముచే హద్దు గీయబూనిన పక్షమువారికి లిబరలులను పేరు రూఢమయ్యెను. 1859లో ఇంగ్లండున విగ్గులును, రాడికలులును, పీలుగారి అనుచరులును కలిసి ఆ పేరు వహించిన పక్షముగా నేర్పడిరి. మనదేశమున 1907 నాటి సూరతు కాంగ్రెసు చీలిక నాటికే మితవాదులని పేరుపడినవారు, మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణలను స్వీకరించుటే మేలని తలచి, 1918లో కాంగ్రెసును వీడి నేషనల్ లిబరల్ ఫెడరేషనును స్థాపించిరి. విజయనగరమున జన్మించి, అలహాబాదున 'లీడర్' పత్రికను నడపిన చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణిగారు ఆ పక్షమునకు అగ్రనాయకులలో నొకరు. సంయుక్తరాష్ట్రములలో మంత్రిపదవి నలంకరించియు, గవర్నరుతో పొసగనందున 1923లో దానిని త్యజించిరి. అయినను విద్యావంతుల పరిధి దాటి పల్లెలకు పోజాలకపోవుటచే ఆ పక్షము క్రమముగా క్షీణించినది.

నిజాం రాజ్యమున ప్రజలెన్నుకొను శాసనసభయే లేదు గనుక అట్టి పక్షమునకు తావు లేకపోయెను. కాని 1921లో హైదరాబాదున ఒక సభలో తెలుగున ప్రసంగింపబోయిన వక్తను గేలిచేసిన అవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టెను. దాని కొనసాగింపుగా 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ సమావేశమయ్యెను. సభలను బంధించిన గస్తీ నిషాన్ తిర్పన్ అను నిజాం సర్కారు ఉత్తర్వు నీడలోనే, 1935లో కరీంనగరు సీమలోని సిరిసిల్లలో మాడపాటివారు ఆ సభకు అధ్యక్షత వహించిరి. మాతృభాషలో విద్య, గ్రంథాలయములు, వెట్టిచాకిరి నిర్మూలనము వారి కోర్కెలు. ఉదారవాదులమని చాటుకొనకయే వారు ఉదారవాదపు పని చేసిరి. 1944లో భువనగిరిలో సభ రెండుగా చీలగా, అర్జీలతో దొరతనము కూలదని వాదించిన యువకులు పెద్దలను మితవాదులని ఆక్షేపించిరి. భూమి విషయమున ఆ ఆక్షేపణము సహేతుకమే. దున్నువాని గోడు పెద్దల తీర్మానములలో తగినంత వినబడలేదు.

1959లో రాజాజీ, ఎన్.జి. రంగాగారలు స్వతంత్రపక్షమును స్థాపించి ప్రభుత్వ నియంత్రణములను ప్రతిఘటించిరి. 1991 పిమ్మట ఉదారీకరణమను మాట వాణిజ్యమునకే పరిమితమగుటచే, సింగరేణి కార్మికుని చెవికది ప్రయివేటు గుత్తేదారుని రాకగా వినిపించుట సహజము. సమ్మె హక్కును, సంఘము పెట్టుకొను హక్కును విస్మరించి సరకునకు మాత్రమే స్వేచ్ఛనిచ్చు విధానమునకు ఉదారవాదమను పేరు చెల్లదు.

కావున ఎవరైనను తాము ఉదారవాదులమన్నచో, ప్రతిపక్షమువాని సభకు అనుమతి నిరాకరింపబడినప్పుడు వారేమి పలికిరో విచారింపుడు. ఆ పరీక్షకు నిలిచిన వారికే ఆ పేరు తగును.