మనూట్ బోల్ కథ
(యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమని మన సంఘం వాళ్లు అడిగారు. ఆశ్రమ పాఠశాలల్లో 26 ఏళ్లు పీఈటీగా చేసినవాణ్ణి, ఆటలు తప్ప నాకు వేరే తెలియదు. ఈరోజు ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడి కథ తెచ్చాను. మన దేశం వాడు కాదు. ఆఫ్రికాలో, ఇప్పుడు దక్షిణ సూడాన్ అంటున్న చోట, డింకా తెగలో పుట్టాడు. పేరు మనూట్ బోల్. ఎత్తు 7 అడుగుల 7 అంగుళాలు. మన హాస్టల్ గది గుమ్మంలోకి నడుం వంచకుండా రాలేడన్నమాట.

రికార్డుల్లో అతని పుట్టిన తేదీ 1962 అక్టోబర్ 16. అసలు తేదీ ఎవరికీ తెలియదు. వాళ్ల ఊళ్లో పుట్టుకలు రాసిపెట్టేవాళ్లు లేరు. నన్ను బడిలో వేసినప్పుడు సారు కింది నుంచి పైదాకా చూసి జూన్ 1 అని రాసేశారు. ఈ సభలో జూన్ 1 వాళ్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తితే తెలుస్తుంది!

డింకాలకు పశువులే ఆస్తి. పెళ్లికి ఓలి కట్టేది ఆవులతోనే. బోల్ చిన్నప్పుడు మందలు కాశాడు. తెగ ఆచారం ప్రకారం కింది ముందు పళ్లు తీయించుకున్నాడు, నుదుటి మీద గాట్లు పెట్టించుకున్నాడు. బల్లెంతో సింహాన్ని చంపానని ఒకసారి చెప్పాడు. అమెరికా పేపర్లు ఆ సింహం సంగతినే మళ్లీ మళ్లీ రాశాయి. అప్పుడు అది నిద్రపోతోందని అతనే చెప్పాడు. ఆ మాటతో నాకు మనిషి మీద గురి కుదిరింది.

మొదట ఫుట్‌బాల్ ఆడాడు. ఎత్తు మరీ ఎక్కువైపోయి మానేశాడు. దాదాపు ఇరవై ఏళ్ల వయసులో వావ్‌లో, ఖార్టూమ్‌లో బాస్కెట్‌బాల్ పట్టాడు. మొదటిసారి ఎగిరి బంతిని రింగ్‌లో వెయ్యబోతే పళ్లు రింగ్‌కి తగిలి విరిగాయట. రాజధానిలో ఉత్తరాది వాళ్లు దక్షిణాది నల్లవాళ్లను చిన్నచూపు చూసేవాళ్లు. అదీ పడ్డాడు. 1982లో అమెరికా కోచ్ డాన్ ఫీలీ సూడాన్ వచ్చి ఇతన్ని చూసి రమ్మన్నాడు. 1983లో శాన్ డియాగో క్లిప్పర్స్ ఎంచుకుంది గానీ నిబంధనలు ఒప్పుకోలేదు. పాస్‌పోర్టులో ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలని ఉంది. కూర్చోబెట్టి కొలిచారని బోల్ చెప్పేవాడు. ఇంగ్లిష్ రాదు. బ్రిడ్జ్‌పోర్ట్ విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది ఆడి, 1985లో వాషింగ్టన్ బుల్లెట్స్ జట్టు ద్వారా ఎన్‌బీఏలోకి వచ్చాడు.

అతని పని బ్లాక్ చెయ్యడం. ఎదుటివాడు వేసిన బంతి రింగ్ చేరేలోపే గాలిలో కొట్టెయ్యడం. మొదటి ఏడాదే 397 బ్లాకులు చేశాడు. కొత్త ఆటగాళ్లలో ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే. పదేళ్లలో 624 ఆటలు, 2,086 బ్లాకులు, 1,599 పాయింట్లు. వేసిన పాయింట్ల కంటే ఆపిన బంతులే ఎక్కువ. అదీ 90 కిలోల బక్క శరీరంతో! బలమైనవాళ్లు భుజంతో తోస్తే పక్కకు పోయేవాడు, మళ్లీ వచ్చి చెయ్యెత్తేవాడు. 1987లో 5 అడుగుల 3 అంగుళాల మగ్సీ బోగ్స్ అదే జట్టులోకి వస్తే ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫొటోలు తీశారు. జనం నవ్వుకున్నారు.

నవ్వు సంగతి నాకు తెలుసు. నా దగ్గర ఒక పొడుగు కుర్రాడుండేవాడు. వేరే జిల్లాలో పోటీలకు తీసుకెళ్తే, గ్యాలరీ నుంచి వాడి ఎత్తునీ, వాడి మాటనీ వెక్కిరించారు. రెండో రోజు వాడు బూట్లు కట్టుకోలేదు. 'పట్టించుకోకురా' అన్నాను. పిల్లవాడికి అంతకంటే పనికొచ్చే మాట ఏదీ నా దగ్గర లేకపోయింది. తర్వాత వాడు ఆటే మానేశాడు.

బోల్ దగ్గరికి వద్దాం. 1983లో సూడాన్‌లో అంతర్యుద్ధం మొదలైంది, 2005 దాకా సాగింది. అతని బంధువులు ఎంతోమంది చచ్చిపోయారు. బోల్ శరణార్థి శిబిరాలకు వెళ్లి చూశాడు, సంపాదించింది అటే పంపాడు. మొత్తం 35 లక్షల డాలర్ల దాకా ఉంటుందని అంచనా. అందులో కొంత తిరుగుబాటు సైన్యానికీ వెళ్లింది. దాన్ని మీరెలా తూచుకున్నా సరే, నేను దాచి చెప్పను. ఆట అయిపోయాక ఖార్టూమ్ వెళ్తే, మతం మారితే మంత్రి పదవి ఇస్తామన్నారని, కాదన్నానని చెప్పాడు. చాలాకాలం దేశం దాటనివ్వలేదు. చివరికి ఈజిప్టు మీదుగా 2002లో శరణార్థిగా అమెరికా చేరాడు. కీళ్లనొప్పులు, చేతిలో డబ్బు లేదు.

అప్పుడు టీవీ వాళ్లు పిలిచారు. పేరున్నవాళ్ల చేత బాక్సింగ్ చేయించి నవ్వించే కార్యక్రమం. ఎదురుగా 'రెఫ్రిజిరేటర్' పెర్రీ అనే భారీ ఫుట్‌బాల్ ఆటగాడు. బోల్ ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. దక్షిణ సూడాన్ కోసం పెట్టిన తన రింగ్ ట్రూ ఫౌండేషన్ ఫోన్ నంబర్ తెర మీద చూపించాలి. గెలిచాడు. వచ్చిన 35,000 డాలర్లు ఆ పనికే ఇచ్చాడు. తర్వాత ఐస్ హాకీ జట్టు డ్రెస్సు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కరోజు గుర్రపు జాకీ అన్నారు, దానికీ సరేనన్నాడు. ఆ బాక్సింగ్ వీడియో నేను సగంలో ఆపేశాను, మర్నాడు మళ్లీ పెట్టి పూర్తిగా చూశాను. వాళ్లు నవ్వడానికే పిలిచారని అతనికి బాగా తెలుసు. ఆ నవ్వుకి ధర కట్టి, ఇంటికి పంపాడు. ఆ గతి అతనికి పట్టి ఉండకూడదు, అదీ చెప్పాలి. అయినా ఇది నాకు అప్పుడే తెలిసుంటే, ఆ కుర్రాడికి చెప్పడానికి ఒక కథన్నా ఉండేది.

2004లో టాక్సీ ప్రమాదంలో మెడ విరిగింది. కోలుకున్నాక దక్షిణ సూడాన్‌లో 41 బడులు కట్టాలని, వాటిలో క్రైస్తవ, ముస్లిం పిల్లలు కలిసి చదవాలని తిరిగాడు. మొదటిది సొంత ఊరు తురలేయ్‌లో. 2010 ఎన్నికలప్పుడు జబ్బు ముదురుతున్నా అక్కడే ఉండిపోయాడు. ఆ జూన్ 19న వర్జీనియాలో ఆసుపత్రిలో చనిపోయాడు. 47 ఏళ్లు అన్నారు, ఆ అక్టోబర్ తేదీని బట్టి. తురలేయ్‌లోనే పూడ్చారు. మరుసటి ఏడాది జులై 9న దక్షిణ సూడాన్ వేరే దేశమైంది.

ఈజిప్టులో ఉన్న రోజుల్లో అతను దగ్గరికి తీసిన డింకా శరణార్థి పిల్లల్లో లువోల్ డెంగ్ ఒకడు. తర్వాత చికాగో బుల్స్‌కి ఆడాడు, దక్షిణ సూడాన్ బాస్కెట్‌బాల్ సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. ఆ జట్టు 2024 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లి, మొదటి ఆటలోనే ప్యూర్టోరికోను 90-79తో గెలిచింది. అంతకు వారం ముందు లండన్‌లో అమెరికాతో స్నేహపూర్వక పోటీ ఆడితే, చివరి క్షణాల్లో లెబ్రాన్ జేమ్స్ బంతి వెయ్యబట్టి గానీ అమెరికా గట్టెక్కలేదు. 101-100.

ఆ ఆట వీడియో మా మనవడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. భోజనాలయ్యాక ఇదే తెర మీద వేస్తాడు. బస్సు నాలుగింటికి కదా, ఉండి చూసి వెళ్లండి.