మ్రింగెడి బిలము – చిమ్మెడి ధార



1918వ సంవత్సరమున అమెరికాలోని లిక్ వేధశాలకు చెందిన హెబర్ కర్టిస్ నీహారికల వర్ణనములను ప్రకటించెను. అందు కన్యారాశిలోని ఎమ్ 87ను గూర్చి వ్రాయుచు, దాని నడిమిభాగమునుండి సన్నని కిరణమొకటి తిన్నగా సాగియున్నట్లు పేర్కొనెను. అది యేమో నాటికెవ్వరికిని తెలియదు. ఆయన ఊహలకు దిగక, కన్నది కన్నట్లు క్లుప్తముగా వ్రాసి యుంచెను.

ఆ నీహారిక మన పాలవెల్లి వంటి మరియొక గెలాక్సీ యనియు, సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నదనియు తరువాత తేలినది. ఆ సన్నని గీత వేల కాంతి సంవత్సరముల పొడవుగల ధార. దీనినే శాస్త్రజ్ఞులు ‘జెట్’ అందురు. 1956లో వాల్టర్ బాడే దాని వెలుగు ఒక దిశయందే అధికముగా కంపించుచున్నట్లు కనుగొనెను. కేవలము వేడిచే వెలుగు వస్తువుల కాంతి అట్లుండదు. అయస్కాంత క్షేత్రమున, కాంతివేగమునకు చేరువైన వేగముతో సుడులు తిరుగు ఎలక్ట్రానుల కాంతి అట్లుండును.

వానికింతటి వేగమెక్కడిది? ఆ గెలాక్సీ నడుమ 650 కోట్ల సూర్యుల ద్రవ్యరాశిగల కృష్ణబిలము కలదు. 2019 ఏప్రిల్ 10న దాని నీడ చిత్రము వెల్లడియైనది. కృష్ణబిలపు గడప దాటినది, కాంతియైనను, తిరిగిరాదు. సర్వమును మ్రింగునది ధారను చిమ్ముటెట్లు?

చిమ్మబడునది గడప దాటినది కాదు. గడప వెలుపలనే మరలింపబడినది. బిలమువైపు జారు వాయువు తిన్నగా పడక, చుట్టును తిరుగుచు చక్రాకృతి దాల్చును. రాపిడిచే కాగును, తనతో అయస్కాంత క్షేత్రమును లోనికి ఈడ్చుకొనివచ్చును. తిరుగుచున్న బిలము తన చుట్టునున్న ఆకాశమునే త్రిప్పును. కవ్వము తిరుగగా త్రాడు చుట్టుకొనునట్లు క్షేత్రరేఖలు పెనవేసికొని, అక్షమునకు ఇరువైపుల ద్రవ్యమును విసరును. ఈ శక్తి బిలపు భ్రమణమునుండి లభించునని 1977లో రోజర్ బ్లాండ్‌ఫర్డ్, రోమన్ జ్నాయెక్ గణితముతో చూపిరి. వాయుచక్రమునుండియు ధార పుట్టవచ్చునని 1982లో బ్లాండ్‌ఫర్డ్, డేవిడ్ పేన్ వివరించిరి. పెనవేసికొన్న రేఖలును, చుట్టునున్న వాయువు ఒత్తిడియు ధారను చెదరనీయక సన్నగా నిలుపును.

ధారలు రెండైనను ఎమ్ 87లో మనకు కంటికింపుగా కనబడునది ఒక్కటియే. మనవైపు వచ్చునది మిక్కిలి ప్రకాశించును; ఆవలికి పోవునది మసకబారును.

ఇవి వినోదమునకు మాత్రమే పనికివచ్చు వింతలు కావు. ధారలు పరిసర వాయువును కాచి, చల్లబడనీయవు. చల్లబడని వాయువునుండి క్రొత్త నక్షత్రములు పుట్టవు. కావున గెలాక్సీ యెదుగుదలకే ఇవి పగ్గములు.

2024లో ప్రకటితమైన పోర్ఫిరియాన్ అను ధారల జంట పొడవు 2.3 కోట్ల కాంతి సంవత్సరములు. పాలవెల్లివంటివి 140 వరుసగా పేర్చినంత. దానిని ఐరోపాలోని రేడియో దూరదర్శిని కనుగొనగా, ఏ గెలాక్సీనుండి పుట్టినదో గుర్తించుటకు పుణె సమీపమున ఖోడద్‌లోనున్న మన మహా రేడియో దూరదర్శిని తోడ్పడినది.

కర్టిస్ వ్రాతకును కృష్ణబిలపు చిత్రమునకును నడుమ నూటొక్క సంవత్సరములు గడచినవి. దస్త్రములు వ్రాయుట వృత్తిగా గలవారికి ఇందలి సారము సులభముగా బోధపడును: అర్థము కాని విషయమునైనను ఉన్నదున్నట్లు వ్రాసియుంచినచో, రాబోవువారికి అదియే ఆధారమగును.