హోటలు బయట బల్ల, పక్కవాళ్ళ పొగ



ఈ పూట మాట పొగ గురించి. పొయ్యి పొగ కాదు. బీడీ పొగ, చుట్ట పొగ, సిగరెట్టు పొగ. అదీ ఇంట్లో తాగేది కాదు. టీ బండి దగ్గర, బస్టాండు పక్కన హోటలు ముందర, ఆరుబయట వేసిన బల్లల దగ్గర తాగే పొగ.

ఆ బల్లలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. పైన ఒక పట్టా. కింద రెండు బల్లలు, నాలుగు స్టూళ్ళు. ఆసుపత్రికి వచ్చిన తల్లి చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఇడ్లీ తింటూ ఉంటుంది. పక్కనే ఒకాయన టీ తాగి బీడీ ముట్టిస్తాడు. గాలి ఎటు వీస్తే పొగ అటు. తల్లి కొంగు తీసి బిడ్డ ముక్కుకు అడ్డం పెడుతుంది. గబగబా నాలుగు ముక్కలు మింగి లేచిపోతుంది. "అన్నా, కాస్త అవతలికి పోయి తాగు" అని మాత్రం అనదు.

ఎందుకు అనదు? నలుగురు మగవాళ్ళలో మాట్లాడితే నోరు పెద్దదంటారని భయం. ఆయన వయసులో పెద్దవాడు. పైగా ఇంట్లో మామ, మొగుడు తాగేదీ అదే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పొగను తప్పు అనాలంటే నోరు రాదు.

2016-17లో మన దేశంలో పెద్ద సర్వే చేశారు. పెద్దవాళ్ళు వందమందిలో పొగ తాగేవాళ్ళు దాదాపు 11 మంది. తాగనివాళ్ళు 89 మంది! అయినా బల్ల దగ్గర మాట చెల్లేది ఆ 11 మందిదే. ఇదేం లెక్కో చూడండి.

మరి తాగేవాళ్ళు ఏమంటారు? "ఇది బయలు. గదిలో తాగుతున్నామా? పొగ గాలికి పోతుంది" అంటారు.

ఈ మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని కాదనకూడదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 2007లో ఈ సంగతే కొలిచి చూశారు. ఆరుబయట తాగే చోట్ల యంత్రాలు పెట్టి గాలిలో పొగ ఎంత ఉందో లెక్క తీశారు. తాగే మనిషికి రెండడుగుల లోపల కూర్చుంటే, ఆ సిగరెట్టు కాలినంత సేపూ గదిలో కూర్చున్నంత పొగ పీల్చవచ్చని తేలింది. ఆరడుగులు దాటితే పొగ బాగా తగ్గుతుంది. సిగరెట్టు ఆర్పేస్తే కాసేపట్లో పోతుంది. గదిలో అయితే చాలాసేపు ఉంటుంది. అంటే బయలు మేలే. కానీ టీ బండి బల్ల దగ్గర ఆరడుగుల దూరం ఎక్కడిది? మోచెయ్యి మోచెయ్యి తగులుతూ కూర్చుంటారు.

ఆ పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలు ఉంటాయి. వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవి. పక్కవాళ్ళ పొగ పీల్చే పసిపిల్లలకు ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బులు, చెవిపోటు ఎక్కువ. గర్భిణీ పీలిస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది.

హోటలు యజమాని మాట వేరు. "వద్దంటే బేరం పోతుందమ్మా. ఎదురు బండికి పోతారు" అంటాడు. ఆయన భయం ఉత్తది కాదు. రోజంతా టీ అమ్మితే మిగిలేది కొంచెమే. ఈ భయం మన ఊళ్ళోనే కాదు, వేరే దేశాల్లోనూ ఉంది. ఐర్లండ్ దేశంలో 2004 మార్చి 29 నుంచి హోటళ్ళు, సారాయి దుకాణాల లోపల పొగ ఆపేశారు. బేరం పోతుందని అక్కడి దుకాణాల వాళ్ళు ముందే గగ్గోలు పెట్టారు. చట్టం వచ్చాక జనం చాలామటుకు పాటించారు. పొగ తాగేవాళ్ళు గుమ్మం బయటికి వచ్చి తాగటం మొదలుపెట్టారు. లోపల ఆపితే పొగ బయటికి వస్తుంది మరి! అందుకే కొన్ని చోట్ల బయట బల్లల దగ్గర కూడా ఆపారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2006లో, స్వీడన్‌లో 2019లో ఆ పని జరిగింది. ఒక్క బండి దగ్గర వద్దంటే బేరం ఎదురు బండికి పోతుంది. అందరికీ ఒకే రూలు పెడితే ఎక్కడికి పోతుంది?

ఇంకో మాట కూడా వినపడుతుంది. "మొన్న సారా మీద పడ్డారు, ఇప్పుడు బీడీ మీద పడ్డారా?" అని. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా ఉద్యమం మీరు వినే ఉంటారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. బీడీ సంగతి దానికి వేరు. ఇక్కడ అడిగేది బీడీ మానెయ్యమని కాదు. తినే చోట తాగొద్దని. మానేస్తే మంచిదే, అది వేరే మాట.

మగవాళ్ళ మీదకే అంతా తొయ్యటం కూడా న్యాయం కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు కొందరు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. చుట్ట మండే కొసను నోటి లోపల పెట్టుకుని తాగటం అది. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఏనాడో చెప్పారు.

ఇక నిజామాబాద్, కరీంనగర్ వైపు అక్కలు అడిగే ప్రశ్న ఉంది. "మేం బీడీలు చుట్టి పిల్లల్ని సాకుతున్నాం. పొగ ఆపితే మా కూడు ఏం కావాలి?" తేలిగ్గా కొట్టేసే ప్రశ్న కాదిది. హోటలు దగ్గర తాగొద్దన్నంత మాత్రాన బీడీ కంపెనీ మూతపడదు. కానీ తాగేవాళ్ళు తగ్గేకొద్దీ చుట్టే పనీ తగ్గుతుంది. వేరే పని చూపించకుండా ఆ చెల్లెళ్ళకు నీతులు చెప్పటం తగదు. రోజంతా పొగాకు పొడి పీల్చి దగ్గేది కూడా వాళ్ళే.

"నా డబ్బు, నా బీడీ, నా ఇష్టం" అనేవాళ్ళకు కేరళ హైకోర్టు జవాబు చెప్పింది. అక్కడ కె. రామకృష్ణన్, మోనమ్మ కొక్కాడ్ అనే ఇద్దరు కోర్టుకు పోయారు. 1999 జులై 12న తీర్పు వచ్చింది. నలుగురు తిరిగే చోట పొగ తాగితే, తాగనివాళ్ళ బతికే హక్కుకు భంగం అని కోర్టు చెప్పింది. 2001లో సుప్రీంకోర్టు కూడా ఆసుపత్రులు, బళ్ళు, ఆఫీసులు, రైళ్ళు, బస్సుల వంటి చోట్ల పొగ ఆపమంది. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 అక్టోబరు 2 నుంచి కొత్త రూల్సు వచ్చాయి.

ఆ రూల్సు ప్రకారం హోటల్లో పొగ తాగకూడదు. 30 సీట్లు, అంతకు మించి ఉన్న పెద్ద హోటలు అయితే పొగకు విడిగా గది పెట్టుకోవచ్చు. బస్టాండు, రైలు స్టేషను ఆరుబయట ఉన్నా అక్కడా తాగకూడదు. తాగితే 200 రూపాయల దాకా జరిమానా. రోడ్డు పక్క టీ బండి పేరు మాత్రం అందులో విడిగా రాయలేదు. వాదన అంతా అక్కడే వస్తుంది. జనం వచ్చే చోటే కదా అని కొందరు, బయలే కదా అని కొందరు.

హోటలు యజమానికీ పని ఉంది. బూడిద డబ్బా, అగ్గిపెట్టె బల్ల మీద పెట్టకూడదు. కొన్ని కొట్ల దగ్గర బీడీ ముట్టించుకోవటానికి కొబ్బరితాడు రగిలించి వేలాడదీస్తారు చూడండి, హోటల్లో అట్లాంటిదీ ఉండకూడదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు బోర్డు గుమ్మం దగ్గర పెట్టాలి. పొగ తాగటం నేరమని దాని మీద రాసి ఉండాలి. ఎవరైనా తాగితే ఎవరికి చెప్పాలో ఆ మనిషి పేరు కూడా కనపడేట్టు రాయాలి. ఈసారి బస్టాండుకు పోయినప్పుడు ఆ బోర్డు ఉందో లేదో చూడండి. ఉంటే కింద ఎవరి పేరుందో చదవండి.