నాయన గుర్రానికి పటం లేదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 నేను 1984లో పదో తరగతి రాసినవాణ్ణి.

ఇంజనీరు కదా, వృత్తి గురించి నాలుగు మాటలు చెప్తాడని నన్ను పిలిచినట్టున్నారు. వృత్తి గురించి చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను నా పిచ్చి గురించి చెప్తాను. పాత పందెం గుర్రాల పటాలు కొని దాచుకోవడం నా పిచ్చి. మా బంధువుల్లో కొందరు నేను మలక్‌పేట రేసుల్లో డబ్బు తగలేస్తున్నానని అనుకున్నారు. ఆ గేటు లోపల కాలు పెట్టలేదు.

మా నాయనకు జట్కాబండి ఉండేదని పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సోమశిల డ్యాం పనులు జరిగే రోజులు. బస్సు దిగినవాళ్ళను చుట్టుపక్కల ఊళ్ళకు చేర్చేవాడు. గుర్రం పేరు రాజా. ఎర్రటిది, నొసటి నుంచి ముక్కుదాకా తెల్లచార. సాయంత్రం చెరువు కట్ట కింద దాన్ని కడగడం నా పని, ఉలవలు ఉడకబెట్టడం అమ్మ పని. నేను ఇంటర్‌కు నెల్లూరు పోవాల్సి వచ్చినప్పుడు నాయన దాన్ని అమ్మేశాడు. అప్పటికే ఆటోలు వస్తున్నాయి, ఎటూ అమ్మాల్సిందే అన్నాడు. ఆ మాట నేను అప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

ఉద్యోగం మీద న్యూజెర్సీలో ఉన్నప్పుడు ఒక పాత సామాన్ల అంగట్లో గోడకు ఓ పటం కనిపించింది. గుర్రం, దాని వెనక రెండు చక్రాల తేలిక బండి, బండిలో మనిషి. గుర్రం ముఖాన తెల్లచార. కింద దాని పేరు, డెక్స్టర్. అక్కడే నిలబడిపోయాను.

మన జట్కా గుర్రాలకు అన్నలనుకోండి అవి. వీపుమీద మనిషి ఎక్కే పందెం కాదది, బండి లాగే పందెం. దౌడు తీయకూడదు, ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడే లయలోనే పోవాలి. దౌడులోకి పోతే తోలేవాడు పగ్గం లాగి మళ్ళీ లయలోకి తేవాలి. 1867లో డెక్స్టర్ మైలు దూరాన్ని 2 నిమిషాల 17¼ సెకన్లలో పోయింది. ఆ ఏడే బానర్ అనే పత్రికాధిపతి దాన్ని కొన్నాడు. ఆయనకు పందేలు గిట్టవు. అంత గుర్రాన్ని కొని సొంత బండికి కట్టుకుని తిరిగాడు!

ఆ పటాలు వేసింది న్యూయార్కులోని కరియర్ అండ్ ఐవ్స్ కంపెనీ. 1907లో మూతపడేలోపు ఏడు వేలకు పైగా బొమ్మలు అచ్చేశారు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీసి, రాయిని తడిపి, సిరా రోలరు దొర్లిస్తారు. నీళ్ళున్న చోట సిరా అంటదు, జిడ్డున్న చోట అంటుతుంది. అంతే కిటుకు. నల్లగా అచ్చయిన కాగితాలను ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో రంగు పూసేవాళ్ళు. చిన్న పటాలు కొన్ని సెంట్లకే అమ్మేవాళ్ళట.

నేను మొదట కొన్న పటం అసలుది కాదు. ఇంటికొచ్చి భూతద్దం పెడితే చిన్న చుక్కలు బారులు తీరి కనిపించాయి. రాతి అచ్చులో గీత సుద్దముక్కతో గీసినట్టు గరుకుగా, చెదిరి ఉంటుంది. చుక్కలు బారుగా ఉన్నాయంటే తర్వాతి కాలపు ఆఫ్‌సెట్ అచ్చన్నమాట. వారం జీతం పోయింది, భూతద్దం మాత్రం జేబులో మిగిలింది. ఇప్పుడు నా దగ్గర పదకొండు అసలు పటాలున్నాయి. చెమ్మకు, పురుగుకు భయపడి ఎండ తగలని గదిలో పెట్టుకున్నాను.

హైదరాబాదు ఇంటికి తెచ్చాక నాయనకు చూపించాను. నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్న పటం ఒకటుంది. "ఇది బొమ్మగీసేవాడి కల్పన కదా నాయనా?" అన్నాను.

"కల్పనెందుకురా? టక్కుకీ టక్కుకీ మధ్య చప్పుడుండదే, అప్పుడు నేలమీద ఏ కాలుంటుంది?" అన్నాడు.

ఈ సంగతి మీద అమెరికాలో పెద్ద వాదాలే జరిగాయి. 1870లలో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలతో తేలింది. నాలుగు కాళ్ళూ లేస్తాయి. మా నాయన బడికి పోలేదు. బండి మొగల్లో కూర్చుని వింటూ తెలుసుకున్నాడు. ఆ రోజు పటాన్ని చాలాసేపు చూసి, "మన రాజా ముక్కు ఇంకొంచెం సన్నం" అన్నాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

నూటయాభై ఏళ్ళ కిందటి ఊరుగాని ఊరి గుర్రం పేరు, రంగు, పరిగెత్తిన సెకన్లు నాకు తెలుసు. నా చదువు కోసం అమ్మిన గుర్రానికి ఒక్క ఫోటో లేదు.

అందుకే ఒక మాట అడగడానికి వచ్చాను. 1984కు ముందు మన బడి దగ్గరగాని, బస్సులాగే చోటగాని, పెళ్ళి ఊరేగింపులోగాని తీసిన ఫోటోలు మీ ఇళ్ళల్లో ఉంటే ఒకసారి వెతకండి. వెనకాల బండి సగమే పడినా, గుర్రం ముఖం మాత్రమే కనిపించినా చాలు. ముక్కుదాకా తెల్లచార ఉంటుంది. మీ ఫోటో మీ కళ్ళముందే కాపీ తీసుకుని, అసలుది అక్కడికక్కడే తిరిగిచ్చేస్తాను.