మూలిక నుంచి మాత్ర వరకు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మందుల విషయంలో మన ఇళ్ళలో రెండు పక్షాలున్నాయి. హకీం సాబ్ ఇచ్చేది ఆకులూ వేళ్ళే కదా, దానివల్ల హాని ఏముంటుందనేవారు ఒక పక్షం. అదంతా పాతకాలపు మాట, ఇంగ్లీషు మందే మందు అనేవారు రెండో పక్షం. ఈ రెండూ సగం నిజాలేనని మనవి చేయడానికే మేము ఈ నాలుగు మాటలు చెప్పదలచాము.

యునానీ వైద్యంలో 'అస్రోల్' అనే వేరు ఉంది. దాన్నే సర్పగంధ అంటారు. మతి చలించినవారికి, నిద్రపట్టనివారికి దాని పొడి ఇవ్వడం మన దేశంలో ఎంతో కాలంగా ఉన్నదే. ఢిల్లీలో తిబ్బియా కళాశాల నెలకొల్పిన హకీం అజ్మల్ ఖాన్ గారు మన మూలికలను కొత్త రసాయనశాస్త్రంతో పరిశోధించాలని ఆశించారు. ఆ పనిని సలీముజ్జమాన్ సిద్దీఖీ గారు నెత్తికెత్తుకొన్నారు. 1931లో ఆ వేరునుండి కొన్ని ఆల్కలాయిడ్లను వేరుచేసి, ఒకదానికి హకీం గారి జ్ఞాపకార్థం 'అజ్మలీన్' అని పేరుపెట్టారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ గారు ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండు సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు అందులోని 'రిసర్పిన్'ను విడదీశారు.

ఇందులో మనం నేర్చుకోవలసిందేమిటి? చిటికెడు వేరుపొడిలో అసలు మందు ఎంతుందో కంటికి తెలియదు. ఒక వేరులో ఎక్కువ, ఇంకొక వేరులో తక్కువ ఉంటుంది. రిసర్పిన్ మాత్రలో ఉండేది 0.25 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో నాలుగువేలవ వంతు! మోతాదు మించితే మనిషి దిగులులో కూరుకుపోతాడు. చెట్టునుంచి వచ్చింది కాబట్టి హాని లేదనే మాట ఇక్కడే తేలిపోతుంది.

ఇక సారం తీసే పద్ధతి. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉందని రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదులోనే కనుగొన్నాడు. ఆ జబ్బుకు మంచి మందు చైనాలో ఒక మూలికనుండి దొరికింది. తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు ఆ ఆకును వేడిచేసి సారం తీస్తే ఫలితం నిలకడగా రాలేదు. నాలుగో శతాబ్దపు వైద్యగ్రంథంలో ఆ మూలికను నీళ్ళలో నానబెట్టి పిండమని ఉంది. కాచమని లేదు! వేడికి గుణం పోతున్నదని ఆమె గ్రహించి, తక్కువ వేడిలో ఆవిరయ్యే ఈథర్‌తో 1971లో సారం తీశారు. మందు పనిచేసింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. అన్ని మూలికలనూ జోషాందాలాగా కాచేస్తే సరిపోదన్నమాట.

మందు దొరికినా కష్టం తీరలేదు. అది నీళ్ళలో సరిగా కరగదు. స్పృహ తప్పిన రోగి మాత్ర మింగలేడు కదా! అందుకే దాన్ని నీటిలో కలిసేలా మార్చి 'ఆర్టెసునేట్' తయారుచేశారు. దాన్ని నరానికి సూదిమందుగా ఇస్తారు. మందు ఎంత గొప్పదైనా చేరవలసిన చోటికి చేరితేనే మందు.

మన వంటింటి పసుపూ అంతే. అందులోని కర్క్యుమిన్ పేగులనుండి రక్తంలోకి బహు కొద్దిగానే చేరుతుంది. మిరియాల్లోని పైపరిన్ తోడైతే అది ఎన్నో రెట్లు పెరిగినట్లు 1998లో బెంగుళూరు పరిశోధకులు చూపారు. అయితే ఆ పైపరిన్ మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందులను కూడా రక్తంలో పెంచగలదు. డాక్టరు కొలిచి ఇచ్చిన మోతాదు మనకు తెలియకుండానే మించిపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది వినండి. కొన్ని బీపీ, షుగరు మాత్రల పేరు చివర ఎస్.ఆర్. అనో, ఇ.ఆర్. అనో ఉంటుంది. అవి రోజంతా కొద్దికొద్దిగా మందు వదిలేలా చేసినవి. ముసలివారు మింగలేకపోతున్నారని వాటిని నూరి తేనెలో కలిపి ఇస్తే రోజు మొత్తం మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ప్రేమతో చేసిన పనే ప్రాణం మీదికి వస్తుంది.

కనుక మా విన్నపం ఇది. హకీం సాబ్ దగ్గరికి వెళ్ళినప్పుడు డాక్టరు మాత్రల చీటీ చూపండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంట్లో తాగే కషాయం, తినే మాజూన్ పేరు చెప్పండి. సిగ్గుపడి దాచకండి. అడగకుండా మాత్ర నూరకండి, మానకండి. మాత్ర చీటీ చదవలేని పెద్దలు మన బస్తీల్లో చాలామంది ఉన్నారు. చదువుకొన్న పిల్లలు వారానికొకసారి వారి పక్కన కూర్చుని చదివిపెడితే అదీ ఒక ఖిద్మతే.