మతిమరుపా, దిగులా?

(మొవ్వ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఏటా రంజాన్‌లో బియ్యం, చీర ఇచ్చే ఇళ్లలో ఒక నానీ ఉండేది. రెండు నెలల్లోనే మనవళ్ల పేర్లు మరిచింది. అన్నం సరిగ్గా తినేది కాదు. తెల్లవారుజామునే లేచి కూర్చునేది. "వయసు మీద పడింది" అన్నారు ఇంటివాళ్లు. మేమూ తలూపాం. చాలా ఆలస్యంగా బందరులో మానసిక వైద్యుడికి చూపిస్తే డిప్రెషన్ అని తేలింది. మందులు వాడాక మనవళ్లను మళ్లీ పేరుపెట్టి పిలిచింది. ఆ ఆలస్యంలో మా తప్పూ ఉంది.

వారాల్లో, నెలల్లో ముదిరి, నిద్రా ఆకలీ పోయి, "నాకేమీ గుర్తుండటం లేదు" అని మనిషే చెప్పుకుంటుంటే దిగులు జబ్బేమో చూడాలి. ఏళ్ల తరబడి మెల్లగా పెరిగి, తాను ఒప్పుకోకపోయినా ఇంటివాళ్ల కంటపడే మరపు డిమెన్షియా కావచ్చు. రెండూ కలిసి కూడా ఉండవచ్చు. థైరాయిడ్, బి12 లోపం, నిద్రమాత్రలు కూడా మరపు తెస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తికమకపడితే ఇన్ఫెక్షనో, షుగర్ పడిపోవడమో కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మన ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. చదువురాని అమ్మను రాయమని అడిగితే జబ్బు లేకపోయినా మార్కులు తగ్గుతాయి. ఆమె చదువు, భాష సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. రెండు భాషలు రావడం మేలే. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది.

జ్ఞానం ఉండి కూడా దాన్ని కోల్పోయే ముసలితనం ప్రస్తావన ఖుర్ఆన్‌లో, నహల్ సూరాలో ఉంది. కాబట్టి ఇది దాచుకోవలసిన సిగ్గు కాదు. దువా చేద్దాం, దవా కూడా ఇప్పిద్దాం. "అల్లాహ్ నన్ను తీసుకుపోతే బాగుండు" అని పెద్దలు పదే పదే అంటే మామూలు మాటగా వదిలేయవద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

దిగులు మందు గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గాక కూడా నెలల తరబడి వాడాలి. డబ్బు లేకో, తోడు లేకో మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. అందుకే ఈసారి మీ సదఖాలో ఒక భాగం బందరు దారి ఖర్చులకు, తోడు వెళ్లే మనిషి కూలికి, నెలనెలా మందులకు, వినికిడి యంత్రాలకు అడుగుతున్నాం. బియ్యం ఒక నెల వస్తాయి. తిరిగొచ్చిన మనిషి ఇల్లంతటికీ వెలుగు.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.